అక్క రాసిన కాగితం

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది.

నువ్వు పాడితే విని పియానో వాయిస్తూ, స్వరాల కాగితం చదువుతున్నట్టు నటించేదాన్ని, గుర్తుందా? ఒకరోజు కాగితం తలకిందులుగా పెట్టి దొరికిపోయాను. "చెవులతోని కాదే, జర కండ్లతోని వాయించు" అని నాకు పాడి వినిపించడమే మానేశావు.

జహీరాబాద్ దవాఖానలో మంచం మీద నువ్వు స్వరాలు రాసిచ్చిన కాగితం మీద పాట పేరు లేదు. చదవడం నేర్చుకునేదాకా దాచాను. ఇవాళ చర్చి పియానో మీద పెట్టుకుని, తప్పుతూ తడుముకుంటూ వాయించాను. మూడో వరుసలో తెలిసింది, జొన్నరొట్టెలు తడుతూ నువ్వు రోజూ తీసే కూనిరాగమని.

చర్చి ఊడుస్తున్న అమ్మ చీపురు ఆపింది. "పెద్దదాని పాట కదనే," అన్నది.

నాలుగో వరుస సగంలోనే నీ రాత ఆగిపోయింది. నా చేతులూ ఆగాయి. మిగతాది అమ్మ పాడింది.