ఎర్రగుడ్డ కట్టిన బండి

ఈ వీధిలో అందరూ స్పానరక్క అని పిలిచే నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి మోటార్‌సైకిళ్ల మరమ్మతు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. కళ్లు కాస్త మసకబారాయి గానీ బుద్ధి సరిగానే ఉంది. జ్ఞాపకం కూడా సరిగానే ఉండటం వల్ల మూడో అంశం రాయాల్సి వస్తోంది.

దీన్ని అమలు జరిపే బాధ్యత ఎదురింటి మందుల షాపాయనకు అప్పగిస్తున్నాను. ఎలాంటి చేతిరాతనైనా చదవగలిగేది ఈ వీధిలో ఆయనొక్కడే.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, ముందున్న షెడ్డు నా స్వార్జితం. నా తదనంతరం ఇవి సర్వహక్కులతో నా కూతురికి చెందాలి. చిన్నప్పుడు నా గోళ్లలో నలుపు చూసి, బడి గేటు దగ్గరికి రావద్దమ్మా అంది. ఆ మాట మర్చిపోలేదు, ఆస్తికీ దానికీ సంబంధం లేదు. షెడ్డు వెనక గోడ మీద ఐదేళ్లప్పుడు తను వేసిన ఆయిల్ చేతి అచ్చు ఉంది. ఎన్నిసార్లు రంగు వేయించినా అంతమేర వదిలేయించాను. అమ్ముకుంటే అమ్ముకో తల్లీ, ముందు ఆ గోడ ఒకసారి చూడు.

2. పద్నాలుగో నంబరు స్పానరు సైకిల్ షాపాయనకు. పదకొండేళ్లు తన దగ్గరే పెట్టుకుని, అడిగితే "అది నీదా అక్కా?" అని కళ్లు పెద్దవి చేశాడు. ఇప్పుడు నిజంగానే ఆయనది చేస్తున్నాను. మిగిలిన పనిముట్లలో ఒక్క వాషర్ కూడా ఆయనకు చెందరాదు. అవన్నీ నాకు బోరు పని చేసిపెట్టే లేత్ మేస్త్రివి.

3. షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఉన్న మోటార్‌సైకిల్ నా తమ్ముడికి. నాది కానిది వీలునామాలో రాయకూడదని తెలుసు. అది మా నాన్న వాడికిచ్చిన బండి, ఇరవై మూడేళ్లుగా నా దగ్గర పడి ఉంది. ఎందుకు పడి ఉందో ఈ అంశంలో రాస్తున్నాను. మందుల షాపాయన దీన్నీ, ఐదో అంశాన్నీ వాడికి పైకి చదివి వినిపించాలి.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పని సగంలో ఉన్న బండి హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ కడతాం. గుడ్డ ఉంటే ఎవరూ ముట్టుకోరు, లేకపోతే బండి సిద్ధమని అర్థం. ఆ రోజు తమ్ముడి బండిలో పాత ఆయిల్ దించేసి, డ్రైన్ బోల్టు బిగించి, గుడ్డ కట్టాను. కొత్త ఆయిల్ పోసేలోపు ఎవరో పిలిచారు. చేతులు జిడ్డుగా ఉన్నాయని చేతికందిన గుడ్డ విప్పి తుడుచుకుంటూ వెళ్లాను. అది ఆ గుడ్డే. తమ్ముడు వచ్చాడు, గుడ్డ లేదని చూసి బండి తీశాడు. దారిలో ఆయిల్ లేక ఇంజిన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయి పడ్డాడు. కుడి మోకాలు మళ్లీ వంగలేదు. తర్వాతి సోమవారం ఫైర్ ఇంజిన్ డ్రైవరుగా చేరాల్సినవాడు, ఇప్పటికీ సినిమా హాలు స్టాండులో ఇతరుల బండ్లకు టోకెన్లిస్తున్నాడు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఆసుపత్రి మంచం మీద వాడే నాకు క్షమాపణ చెప్పాడు. "ఆయిల్ చూసుకోకుండా తీశానక్కా, నాన్న బండి పాడుచేశాను" అన్నాడు. నేను "పోనీలే" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇంతవరకు క్షమించుకోలేదు.

నిరుడు టార్పాలిన్ తీశాను. ట్యాంకులో పెట్రోలు బంకలా గట్టిపడింది, సైలెన్సర్లో కందిరీగలు గూడు కట్టాయి. ప్లగ్ తీసి డీజిల్ పోసి తొమ్మిది రోజులు ఆగితే గానీ పిస్టన్ కదల్లేదు. సిలిండరుకు బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేసి, కార్బొరేటర్ జెట్లు సన్నతీగతో ఒక్కొక్కటే శుభ్రం చేశాను. పోయిన గురువారం స్టార్టయింది. అదే శబ్దం. స్టూలు మీద కూర్చుని ఏడ్చాను.

తమ్ముడూ, బండిని స్టాండు మీద నిలబెట్టి, పక్కన నిలబడి ఎడమ కాలితో కిక్ కొట్టు. స్టార్టయినప్పట్నుంచి రోజూ నేనూ ఎడమ కాలితోనే కొట్టి చూశాను, మూడో కిక్కుకు అందుకుంటుంది. వెనక బ్రేకు పెడల్ కిందికి దించాను, మోకాలు వంచక్కర్లేదు, పాదం కదిపితే చాలు.

4. లేత్ మేస్త్రి ఆనాడే ఆ ఇంజిన్ చూసి, ఇందులో చుక్క ఆయిల్ లేదక్కా అన్నాడు. నా మొహం చూసి ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఈ సంతకంతో ఆయనకు ఆ బరువు దింపుతున్నాను. ఇప్పుడే ఇది చదివి, బతికుండగానే చెప్పొచ్చు కదక్కా అన్నాడు. రెండుసార్లు స్టాండు దాకా వెళ్లాను మేస్త్రీ. వాడు తన స్టూలు నాకు వేసి తను నిలబడ్డాడు, ఆ కాలుతో. వాన గురించి మాట్లాడి వచ్చేశాను.

5. తమ్ముడూ, ఇంజిన్‌లో ఆయిల్ మళ్లీ దించేశాను. సీలు తీయని డబ్బా సీటు మీద ఉంది, హ్యాండిల్‌కు ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ రోజు నీకు ఈ బండి ఎలా కనిపించాల్సిందో, ఇప్పుడు అలా ఉంది. ఆయిల్ నువ్వే పోసుకో. గుడ్డ నువ్వే విప్పు. దాన్ని నేను మళ్లీ ముట్టుకోను.

తేదీ: రెండు వేల ఇరవై మూడు, మార్చి పద్నాలుగు, మంగళవారం

సంతకం: స్పానరక్క

సాక్షులు:
లేత్ మేస్త్రి
పక్కింటి నర్సమ్మ