కవరు మీద రాసిన మాట

పోస్టుమాస్టరు గారికి నమస్కారం.

వేసిన కవరు వెనక్కి కావాలంటే కారణం రాసివ్వమన్నారు మీ గుమాస్తా గారు. ఉదయం మీ డబ్బాలో వేసిన గోధుమరంగు కవరు నాదే. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళ మనోవేదన గురించి, వాళ్ళ చరిత్ర గురించి చెప్పే చిన్న పుస్తకం అందులో ఉంది. నర్సు శిక్షణలో ఉన్న నా స్నేహితుడు అడిగాడు. వాడి పాఠ్యపుస్తకం ఆ ప్రేమను ఇంకా జబ్బుల జాబితాలోనే ఉంచింది! ఏ కాలంలో ఉన్నామండీ మనం?

క్షమించండి, కోపం మీ మీద కాదు.

"మా ఇంట్లో టపా మా నాన్నే విప్పుతాడురా, పైన ఏమీ రాయకు" అని వాడు రెండుసార్లు చెప్పాడు. నేను వింటేనా? "నీలాంటి పిరికివాళ్ళ వల్లే లోకం ఇలా తగలడింది" అని ఎగిరి, "మగవాణ్ణి ప్రేమించడం రోగం కాదు" అని కవరు మీద ఎర్రసిరాతో ఇంతింత అక్షరాల్లో రాశాను. అది డబ్బాలో పడ్డాక గానీ వాళ్ళ నాన్న నాకు గుర్తుకు రాలేదు. పోయినసారి ఒక్క ఫోన్ సందేశానికే వాణ్ణి నెల రోజులు గదిలో పెట్టి తాళం వేశాడు ఆయన.

సంచి ఇంకా కదలకపోతే దయచేసి వెతికించండి. రెండు గంటల టపా బండికి వెళ్ళిపోయి ఉంటే ఆ మాటైనా వెంటనే చెప్పండి, కౌంటరు ముందు బల్ల మీదే ఉన్నాను. రేపు మీ మనిషి కంటే ముందే వాళ్ళ గుమ్మంలో నిలబడతాను. అది నా గురించిన పుస్తకమనీ, మా ఇంట్లో తెలియకూడదని వాడి పేరున తెప్పించుకున్నాననీ ఆయనతో చెబుతాను. రెండో ముక్క అబద్ధం. మొదటిది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు గానీ, నిజమే.

ఇట్లు,
ఆ కవరు వేసినవాడు