హోల్మ్‌స్టన్ గోడలోని కన్నాలు

హోల్మ్‌స్టన్ కోట ఇల్లు,
9 మే 1974.

అమ్మకు,

మూడొందల ఏళ్ళ కిందట రాజుకీ పార్లమెంటుకీ జరిగిన యుద్ధంలో, నువ్వు చెప్పినట్టు పదకొండు రోజులు ఫిరంగులు పేలితే మన కోట ఇంటి పెద్ద తలుపుకు ఒక్క కాలిన మచ్చయినా ఎందుకు లేదు? తొమ్మిదేళ్ళప్పుడు నిన్ను అడగబోయాను. కోట చూడవచ్చిన జనానికి ఆ ముట్టడి కథ చెబుతూ వెలిగిపోతున్న నీ ముఖం చూసి ఆగిపోయాను. ముప్ఫై ఐదేళ్ళయింది.

ఇక్కడ నేనూ, పిల్లీ, కందకంలో బాతులూ బాగానే ఉన్నాం. అక్కడి సముద్రపు గాలికి నీ మోకాలు కాస్త వంగుతోందని పిన్ని రాసింది. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు: రూబార్బ్ జామ్ ఈసారి గట్టిపడలేదు, పంచదార నేనే తగ్గించాను. వంటింటి కప్పు కారడం ఆగింది. ఇక ఫిరంగి గుళ్ళు పొడిచాయని నువ్వు చూపించే గోడ కన్నాల్లో, కోట చూడవచ్చే పిల్లల చేత ఇంకా పిడికిళ్ళు పెట్టిస్తున్నావా అన్నావు. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

మార్చిలో ద్వారం పక్క గోడ బాగుచెయ్యడానికి మేస్త్రీ క్లెమ్ వచ్చాడు. ఎక్కి నిలబడి పనిచెయ్యడానికి కర్రలతో సారువ కట్టబోతూ ఒక కర్రను మన ఫిరంగి కన్నంలోకి తోశాడు. ఒరలో కత్తిలా దిగింది. పక్కదాంట్లోనూ అంతే.

"మీ అమ్మగారి ఫిరంగి ఎంత బుద్ధిమంతురాలో," అన్నాడు. "బారెడు దూరానికొకటి, ఒకే వరసలో, నలుచదరంగా కొట్టింది."

"ఎగతాళి చాల్లే."

"ఎగతాళి కాదు హెస్టరమ్మా. గోడ కట్టేవాళ్ళు సారువ కర్రల కోసం వదిలిన కన్నాలివి. మా నాన్నకీ తెలుసు. పాపం, అంత బాగా చెబుతోంది, మనకెందుకులే అని నోరు మూసుకున్నాడు."

ఆ వారమే జిల్లా దస్తావేజుల గదికి వెళ్ళాను. ముట్టడి నాటి మన కోట దివాను రాసిన ఉత్తరం అక్కడుంది. రెండో రోజు పొద్దున, ఒక్క గుండయినా పేలకముందే, ద్వారపాలకుడు థర్స్టన్ బీవన్ తలుపు తీశాడట. లోపలున్న ఇరవై ముగ్గురిలో ఎవరికీ దెబ్బ తగల్లేదట. మన బీవనే అమ్మా. "పార్లమెంటు సైన్యానికి తలుపు తియ్యనివాడి వంశం మాది" అని నువ్వు ముప్ఫయ్యేళ్ళు చెప్పిన బీవన్.

ఇంతసేపూ దాచిన మాట ఇది. కొత్త గైడు పుస్తకంలో ద్వారం పేజీ నన్నే రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాశాను, మన ఇంటిపేరుతో సహా. మంగళవారం అచ్చుకు వెళ్ళింది. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. ఇప్పుడు వెనక్కి తెప్పించమన్నా తెప్పించను. "కన్నకూతురే నన్ను అబద్ధాలకోరుని చేసింది" అని పిన్నితో అంటావు. అను. నువ్వు విన్నది చెప్పావు, నేను చదివింది రాశాను. పిల్లలు ఆ కన్నాల్లో పిడికిళ్ళు పెడుతూనే ఉన్నారు, కాకపోతే గోడ కట్టినవాళ్ళ కథ వింటూ.

ఒకటి మాత్రం నాకు తెగలేదు. థర్స్టన్ ప్రాణభయంతో తీశాడా, ఆ ఇరవై ముగ్గురి కోసం తీశాడా? దివాను రాయలేదు. నేను రెండు విధాలా రాసి రెండూ కొట్టేశాను. పుస్తకంలో "తీశాడు" అని మాత్రమే ఉంది. ఆయన్ని తలుచుకుని తల ఎత్తుకోవాలో దించుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
నీ మాట దాటిన కూతురు,
హెస్టర్