ముక్కుదాకా ఎత్తిన చేతులు

పెద్దమ్మా,

కొత్త సంవత్సరం పండక్కి నీకు గుండెల దగ్గరే చేతులు జోడించానని అందరి ముందూ కడిగేశావు, గుర్తుందా? "ఏమే, నేను నీతోపాటు బడికెళ్ళినదాన్నా? పెద్దవాళ్ళకి చేతులు ముక్కుదాకా లేవాలని నోమ్ పెన్ పట్నం వెళ్ళి మరిచిపోయావా?" అన్నావు. నవ్వేశాను. అప్పటికే నా కుడి భుజం లేవడం లేదు. చొక్కాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ఇస్త్రీ పెట్టె తోసిన భుజం అది. నువ్వు బెంగపడతావని చెప్పలేదు.

నష్టపరిహారానికి దరఖాస్తు పెట్టానని పోయిన వారం డాక్టరు దగ్గరికి పంపారు. తెల్లజుట్టు పెద్దమనిషి. నీ పెంపకం కదా, గదిలో అడుగు పెడుతూనే పళ్ళు బిగబట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పైకి తోసుకుంటూ ముక్కుదాకా ఎత్తి దండం పెట్టాను. "భుజం బాగానే లేస్తోందమ్మా" అని ఆయన అలాగే రాసేశాడు. బయటికొచ్చాక, నాకు తోడొచ్చిన ఫ్యాక్టరీ స్నేహితురాలు స్రేపౌ తల బాదుకుంది. "నీ మర్యాద మండిపోనూ! దండం పెట్టి దరఖాస్తు పోగొట్టుకున్నదాన్ని నిన్నే చూశాను!"

మళ్ళీ పరీక్ష చేస్తామన్నారు. చెయ్యి ఎప్పటినుంచి లేవడం లేదో చూసినవాళ్ళు వచ్చి చెప్పాలట. నీకంటే బాగా చూసిందెవరు? సోమవారం రా. పండగనాడు నన్నెలా తిట్టావో, ఒక్క ముక్క తగ్గించకుండా ఆయన ముందు తిట్టు.

బస్సు దిగేచోట నిలబడి ఉంటాను. నా చేతులు గుండెల దగ్గరే ఆగిపోతాయి. అక్కడినుంచి ముక్కుదాకా ఉన్న జానెడూ మనసులో ఎత్తాననుకో.

నువ్వు పెంచిన పిల్ల