తిరిగి తీసుకొచ్చే పాలసీ

ప్రేమగల వదినకి,

ఫోనుండగా ఇదేం చాదస్తమని మీరు విసుక్కుంటారని తెలుసు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసిన మనిషి మీరు, కాగితం మీద మాట మీకు ఆనదు. కానీ ఫోన్లో మీరు నన్ను మాట్లాడనిస్తారా వదినా? నేను నోరు తెరిచేలోపు ప్రశ్నా మీరే వేసి, జవాబూ మీరే చెప్పి, పెట్టేస్తారు కూడా. అందుకని ఈసారికి ఉత్తరం.

నా ప్రయాణం ఖాయమయ్యేలాగే ఉంది. మీ తమ్ముడు అద్దెకున్న ఇంటావిడ తన దగ్గరే ఉండమని మళ్ళీ కబురు చేసింది. వసంతంలో రమ్మంది, అప్పటికి మంచు కరుగుతుందట. కొత్త మగ్గాల పని నేర్చుకు రమ్మని మిల్లువాళ్ళు ఆయన్ని అంత దూరం పంపడం, వెళ్ళిన కొద్ది రోజులకే ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఆయన పోవడం, ఆ ఊరివాళ్ళే ఆయన్ని అక్కడి మట్టిలో పెట్టడం, ఇవన్నీ మీకు నేను చెప్పాలా? కానీ ఇన్నేళ్ళయినా నాకవి ఎవరో చెప్పగా విన్న సంగతుల్లాగే ఉన్నాయి. మనిషి గడప దాటి వెళ్ళాడు. ఆ తర్వాత మాటలే వచ్చాయి, మనిషి రాలేదు.

ఆసుపత్రి లాండ్రీలో నా పని మీరు చూశారు కదా. ఆరిన దుప్పటిని ఇద్దరం చెరో కొసా పట్టుకుని దులుపుతాం, దగ్గరికి నడిచి కొసలు కలుపుతాం, మళ్ళీ దూరం జరుగుతాం. పొద్దస్తమానం ఇదే. గది నిండా ఆవిరి. దులిపినప్పుడు దుప్పటి గాలి నింపుకుని పైకి లేస్తుంది చూడండి, ఆ క్షణం నాకు దాని వెనక ఎవరో నిలబడినట్టే ఉంటుంది. నిదానంగా దిగుతుంది. దిగేసరికి అవతల రేడియో ఉంటుంది. అసలు పేరుతో ఆమెను ఎవరూ పిలవరు, ఆమె నోరు మూతపడటమంటూ లేదు గనక అందరికీ రేడియోనే.

వీసాకి వైద్య బీమా తప్పనిసరట. అందుకని కళ్ళజోళ్ళ షాపు మీద ఉన్న ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. చాలా మర్యాదస్తుడు. ఎంత మర్యాదంటే చావు అనే మాట ఆయన నోట రాదు. మూడు రకాల పాలసీలు ముందు పరిచాడు. చిన్నదానిలో అక్కడి ఆసుపత్రి ఖర్చు ఇస్తారు. మధ్యదానిలో ఇంకొంచెం ఎక్కువ ఇస్తారు, ప్రయాణం వాయిదా పడినా చూసుకుంటారు. పెద్దదానిలో జబ్బు ముదిరితే నర్సును తోడిచ్చి మరీ ఇంటికి చేరుస్తారు.

"అనుకోనిది జరిగితే కూడా పెద్దదానిలో అన్నీ వాళ్ళే చూసుకుంటారమ్మా" అన్నాడు.

"అనుకోనిదంటే ఏమిటి బాబూ?"

ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "అదేనమ్మా, ప్రయాణం మధ్యలో ఆగిపోతే."

"చనిపోతేనా?"

"మీరు మరీ సూటిగా అడిగేస్తారమ్మా" అన్నాడు పాపం, తనే తప్పు చేసినట్టు.

అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, చిన్న పాలసీ తీసుకున్న మనిషి అక్కడ పోతే అక్కడే సాగనంపడానికి ఇస్తారు. పెద్దది తీసుకుంటే ఇంటికి తీసుకొస్తారు. ఈ తేడా విని రేడియో ఒకటే నవ్వు. రోజూ బస్సులో నిలబడి వచ్చే మనకి, పోతే గానీ పడుకుని వచ్చే యోగం లేదన్నమాట అంది. నేనూ నవ్వాను. కానీ రోజంతా ఆ రెండు ముక్కలే నా చెవుల్లో తిరిగాయి. అక్కడే. ఇంటికి.

మీ తమ్ముడికి ఇలాంటి కాగితం ఒకటి ఉంటే బాగుండేదని మీరు చాలాసార్లు అన్నారు. తీసుకోమని వెళ్ళే ముందు మీరు పోరితే, "నాకేం అక్కా, రాయిలా ఉన్నాను" అని భుజం చరుచుకుని చూపించారు ఆయన.

ఏది తీసుకోమంటారో చెప్పండి. మందులు వేళకి వేసుకోండి.

మీ మరదలు

* * *

వదినా,

ఈ ఉత్తరం పక్కన ఎవరూ లేనప్పుడు చదవండి.

పెద్దదే తీసుకో, పిసినారితనం చేశావంటే ఊరుకోను అని ఫోన్లో అన్నారు. సరేనన్నాను. మీకు సరేనని, ఏజెంటు దగ్గరికి వెళ్ళి చిన్నది తీసుకున్నాను. డబ్బుకి వెనకాడుతున్నాననుకుని ఆయన తన కమిషన్ తగ్గించుకుంటానని కూడా అన్నాడు. ఆయన ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

డబ్బు కాదు వదినా. నన్ను తిరిగి తీసుకొచ్చే పాలసీ నాకు వద్దనిపించింది.

ఈ మధ్య ఒకే కల మళ్ళీ మళ్ళీ వస్తోంది. పొడుగాటి మగ్గాల షెడ్డు. ఒక్క మగ్గం కూడా చప్పుడు చేయదు. పై నుంచి దూది రేణువులు రాలుతూనే ఉంటాయి, అవి మంచేమో కూడా తెలియదు. గోడవారగా బల్ల మీద మీ తమ్ముడు కూర్చుని ఉంటారు. నన్ను చూసి ఆశ్చర్యపోరు. ఏదో పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చినట్టు, కాస్త పక్కకి జరుగుతారు. "చోటుంది, కూర్చో" అంటారు. నేను అడుగు వేస్తాను. ఎప్పుడూ అక్కడే మెలకువ వస్తుంది. లేచాక కూడా ఆ బల్ల మీది ఖాళీ నా కళ్ళ ముందే ఉంటుంది. ఆ ఊరి మట్టిలో ఆయన పక్కన అంత మేర నాకోసం ఉందనే అనిపిస్తుంది.

ఇంకొక సంగతి. దుప్పట్లు దులిపేటప్పుడు ఎడమ చేయి బరువెక్కి వేలాడిపోతోంది. ఒకసారి కొస జారిపోతే రేడియో "ఏమిటమ్మా, నాతో తెగతెంపులా?" అని వేళాకోళం చేసింది. మెట్లెక్కితే ఛాతీ మీద ఎవరో అరచేయి ఆనించి నెమ్మదిగా తోస్తున్నట్టుంటుంది. నొప్పి కాదు, వద్దు ఆగు అన్నట్టు. ఉన్న జబ్బులన్నీ రాయాలి, దాస్తే తర్వాత వాళ్ళు ఒక్క బిల్లూ కట్టరు అని ఏజెంటు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నేను బీపీ ఒక్కటే రాయించాను. చేయి సంగతి చెప్పలేదు. చెబితే పరీక్షలంటారు, ప్రయాణం ఆపేస్తారు.

నేను చావు కోరుకుంటున్నానని అనుకోకండి. దేవుణ్ణి అలాంటిది అడగకూడదని నాకు తెలుసు, ప్రార్థనలో ఏనాడూ అడగలేదు. అడగకుండానే, తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టకుండా ఉంచినట్టుంది నేను చేసిన పని. పిలుపు అక్కడ ఉండగా వస్తే, అక్కడే ఉండిపోనివ్వండి అంతే. పిల్లలా లేరు. ఇక్కడ నాకోసం ఆగే పనీ లేదు, లాండ్రీలో నా కొస పట్టుకోవడానికి రేపే ఇంకొకరు వస్తారు. ఆయన మాత్రం తనవాళ్ళు ఒక్కరూ లేని ఊళ్ళో, మన భాష ఒక్క మాట వినపడని చోట ఇన్నాళ్ళుగా పడుకుని ఉన్నారు.

ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామనే అనుకున్నాను. కానీ మీకు అబద్ధం చెప్పిన నోటితో ప్రార్థన సాగడం లేదు. అందుకని రాశాను. కోప్పడకండి. అక్కడ మీ తమ్ముడికి మీరు ఏం చెప్పమంటే అది చెబుతాను.

మీ మరదలు

* * *

నా పెద్దదిక్కయిన వదినకి,

ఇంటావిడ మేడ మీది గదిలో కూర్చుని రాస్తున్నాను. మీ తమ్ముడు ఉన్న గదే. వాలు కప్పు, ఒక మంచం, గోడలోకి చొచ్చుకుపోయిన చిన్న కిటికీ. వసంతంలో రావలసిన దాన్ని ఆకులు రాలే కాలానికి వచ్చాను. గాలి వీచినప్పుడల్లా పసుపుపచ్చని ఆకులు కిటికీ అద్దానికి అంటుకుని, కాసేపు లోపలికి చూసి వెళ్ళిపోతున్నాయి.

నా ఉత్తరం అందిన రోజు మీరు లాండ్రీకే ఫోన్ చేశారు. రేడియో ఫోన్ ఎత్తి, మీ గొంతు విని, మారు మాట్లాడకుండా నా చేతికిచ్చింది. ఆమె నోరు మూతపడటం నేను చూసింది అప్పుడే. ఫోన్లో మీరూ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. ఆవిరి మిషను బుసబుస మధ్యలో మీ ఊపిరి వినపడింది. ఆ తర్వాత మీరన్న మాటలు నేను మరిచిపోలేను.

"వాణ్ణి అక్కడ వదిలేశాం. అది మన చేతుల్లో లేదు. ఇప్పుడు నువ్వూ అక్కడే ఉంటానంటే, నేనిక్కడ ఎవర్ని తిడుతూ బతకాలే?"

నేను ఏడుస్తున్నానని మీకు తెలిసింది. అయినా ఆపలేదు.

"వాడి పెళ్ళానివని వాడి పక్కన చోటు చూసుకున్నావు. బాగుంది. నువ్వు నాకు మరదలివి కూడా. ఆ ముక్క నీ పాలసీలో ఎక్కడ రాసుందో చూసి చెప్పు."

తర్వాతదంతా మీకు తెలిసిందే. ఏజెంటుకి చేయి సంగతి చెప్పాను. ఆయన పాత పాలసీ రద్దు చేయించి పరీక్షలకు పంపాడు. గుండెకి వెళ్ళే నాళం ఒకటి సన్నబడిందన్నారు, లోపల స్టెంటు పెట్టారు. మీరు నా మంచం పక్కన కుర్చీ వేసుకుని నర్సుల్ని హడలగొట్టారు. నయమయ్యాక డాక్టరు వెళ్ళవచ్చని రాసిచ్చారు, అప్పుడు అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పి పెద్ద పాలసీ తీసుకున్నాను. గుండె విషయంలో ప్రాణం మీదికొస్తేనే ఇస్తామన్నారు, ఒప్పుకున్నాను.

అయితే మీకు తెలియనిది ఒకటి ఉంది. పాలసీ మార్చుకున్నాను గానీ మనసు మార్చుకోలేదు వదినా. మీ మాట కాదనలేక పెద్దది తీసుకున్నాను. లోలోపల ఆ బల్ల మీది ఖాళీ అలాగే ఉంది. అక్కడికి వెళ్ళి ఆ చోటు కళ్ళారా చూస్తే, ఉండిపొమ్మని ఆయనే అంటే, కంపెనీకి నేనే ఒక కాగితం రాసి పంపుదామనుకున్నాను, నన్ను తీసుకురావద్దని.

ఈ పొద్దున సమాధుల దగ్గరికి వెళ్ళాం. ఇంటావిడకు నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. ఆవిడ చేతిలోని ఫోను మధ్యవర్తిలా ఇద్దరి మాటలూ అటూ ఇటూ మార్చి చెబుతుంది. మెత్తని గడ్డి, పొగమంచు, రాళ్ళ మీద చిన్న చిన్న ఉడతలు. నడుస్తున్నట్టు లేదు, నీళ్ళలో తేలుతున్నట్టుంది. ఆవిడ ఒక రాయి దగ్గర ఆగింది. ఆయన పేరు రాసి ఉంది, ఆ ఊరి అక్షరాల్లో. నాకు చదవడం రాదు గనక వేలితో తడిమాను. చల్లగా ఉంది.

అప్పుడు పక్కకి చూశాను.

ఖాళీ లేదు వదినా. కుడి పక్క ఒక రాయి, ఎడమ పక్క ఒక రాయి. మధ్యలో మీ తమ్ముడు, బస్సు సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నట్టు. ఎవరని అడిగితే ఫోను చెప్పింది. కుడివైపు ఆ ఊళ్ళో రొట్టెలు కాల్చే ఆయన. ఎడమవైపు బడిపిల్లలకి సంగీతం నేర్పిన పంతులమ్మ. ఇద్దరూ మీ తమ్ముడి తర్వాత వచ్చినవాళ్ళే.

మొదట నాకు రోషం వచ్చింది. ఇంత దూరం వస్తే నా చోట్లో ఎవరో కూర్చున్నారే అని. పంతులమ్మ రాయి వైపు కాస్త గుర్రుగానే చూశాను, దేవుడు క్షమించాలి. ఆ తర్వాత నవ్వొచ్చింది. ఆయన ఏనాడైనా సీటు ఆపి ఉంచారా? పక్కన ఎవరు నిలబడినా జరిగి, "రండి, సర్దుకుందాం" అనే మనిషి. నన్ను నిలబెట్టి పరాయివాళ్ళకి చోటిచ్చినందుకు ఎన్నిసార్లు అలిగానో. అక్కడ కూడా అదే బుద్ధి.

ఆయన ఒంటరిగా ఉన్నారని నేను ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. ఒంటరిగా లేరు వదినా. పాటలు తెలిసినావిడ ఒకవైపు, తెల్లారకముందే లేచే మనిషి ఒకవైపు. కాలక్షేపానికి కొదవేమిటి?

చాలాసేపు కూర్చున్నాను. మీరు చెప్పమన్నట్టు తిట్లన్నీ వరసగా అప్పజెప్పాను. మీ మోకాళ్ళ గురించి చెప్పాను, నా గుండె గురించి చెప్పాను, నర్సుల్ని మీరు ఏమేమన్నారో చెప్పాను. ఉండిపొమ్మని ఆయన అనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. పొగమంచు పల్చబడింది, ఎండ వచ్చింది, నా పాదాలు చల్లబడ్డాయి. ఇంటికి వెళ్ళాలనిపించింది. ఆయన పోయాక ఇల్లు అనే మాట నాకు ఏ చోటునూ గుర్తు చేసేది కాదు. ఇవాళ గుర్తొచ్చింది. మీ వంటింటి గట్టు, దాని ముందు నిలబడి ఎవరినో విసుక్కుంటున్న మీరు.

నన్ను తీసుకురావడానికి కంపెనీ అక్కర్లేదు. నేనే వస్తున్నాను.

వచ్చాక లాండ్రీ మానేసి మీ దగ్గరే ఉండిపోదామనుకుంటున్నాను. మీ ఇంట్లో నాకు చోటుందా వదినా? ఉందంటే ముందే ఒక మాట. నేను తెల్లారకముందే లేచి దేవుడి ముందు కూర్చుంటాను, సన్నగా పాడుకుంటాను కూడా, మీరు దుప్పటి నెత్తిన లాక్కోవడమే తప్ప నన్ను ఆపకూడదు. మీ గురక సంగతి నేను చూసుకుంటాను.

తొందరలోనే మీ ముందు నిలబడబోయే

మీ మరదలు