అలక టెస్ట్

జూన్ 9, సోమవారం

డోర్ టెస్ట్ మళ్లీ ఫెయిల్. అదే టెస్ట్ మళ్లీ నడిచేలా రీరన్ కొట్టాను. పాస్.

మా టీమ్‌లో దానికి అలక టెస్ట్ అని పేరు. లిఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద రోజూ పొద్దున్నే వందల టెస్టులు నడుస్తాయి. అన్నీ బుద్ధిగా పాసవుతాయి, ఇదొక్కటే మూతి ముడుచుకుంటుంది. ఇంకోసారి బతిమాలితే సరే అంటుంది. రెండోసారి పచ్చగా వస్తే చాలు, మొదటిసారి ఎర్రగా వచ్చిన సంగతి రిపోర్టులోకి ఎక్కదు. నేను చేరకముందు నుంచీ ఇదే ఆనవాయితీ.

ఆ టెస్ట్ చూసేది ఒకటే. తలుపు తెరిచి ఉండగా లిఫ్ట్ కదలకూడదు.

ఈ వాక్యం రాసి మళ్లీ చదువుకున్నాను. ఇన్నాళ్లూ డోర్ టెస్ట్, డోర్ టెస్ట్ అంటున్నామే గానీ అది ఏం చూస్తుందో ఎవరమూ పైకి అనుకోలేదు.

వచ్చే వారం, బుధవారం కొత్త వెర్షన్ రిలీజ్. టెస్టింగ్ తరఫున అంతా సరిగ్గా ఉందని సైన్ ఆఫ్ చెయ్యాల్సింది నేను. అసలే పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి దాకా వెళ్లి వెనక్కొచ్చే రకం. భయపడటానికి జీతమిచ్చే ఉద్యోగం నీకు కాక ఇంకెవరికి దొరుకుతుంది అంటారు ఈయన.

జూన్ 10, మంగళవారం

ఫెయిల్. రీరన్. పాస్.

జూన్ 11, బుధవారం

ఇవాళ రెండుసార్లు రీరన్ కొట్టాల్సి వచ్చింది. పక్క సీటు అమ్మాయి, కాళ్లు పట్టుకోవాల్సింది అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య మంచి హుషారు మీద ఉన్నారు. మాది ఐదో అంతస్తు, ఆవిడవి అరిగిపోయిన మోకాళ్లు. లిఫ్ట్ లేకపోతే ఆవిడకి లోకం లేదు. ఇదివరకు మా లిఫ్ట్ ఆగితే నేలకి వేలెడు కిందో పైనో ఉండేది, చేతికర్ర తట్టుకునేది. ఈ మధ్య తలుపు తెరుచుకున్నాక కూడా అదే కాస్త కదిలి, సర్దుకుని, నేలకి సమంగా కూర్చుంటోందట. ఇన్నాళ్లకి దానికి బుద్ధొచ్చింది అన్నారు. నేను ఊఁ కొట్టాను. నా ఆలోచనలన్నీ ఆఫీసులోనే ఉన్నాయి.

జూన్ 12, గురువారం

ఉండబట్టలేక హెడ్‌ఫోన్స్ దగ్గరికి వెళ్లాను. తలుపుల కోడ్ రాసేది ఆయనే. ఆ హెడ్‌ఫోన్స్ తీయగా ఎవరూ చూడలేదు కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. కంగారు పడకమన్నాడు. టెస్టులు నడిచే మెషీన్ మీద లోడ్ ఎక్కువై అలా తడబడుతుందట, అది అసలు లిఫ్ట్ కాదు, కంప్యూటర్లో ఉత్తుత్తి లిఫ్టట. ఒకవేళ సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా తలుపుకి తాళం ఉంటుంది, తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప మోటర్‌కి కరెంటే వెళ్లదు అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. సీట్లో కూర్చుని నీళ్లు తాగాను. అప్పుడు గుర్తొచ్చింది. కొత్త వెర్షన్‌లో గొప్పగా చెప్పుకుంటున్న ఫీచరే, తలుపు తెరిచి ఉండగా లిఫ్ట్ కాస్త కదిలి నేలకి సమంగా సర్దుకోవడం. అలా కదలాలంటే ఆ తాళాన్ని కాసేపు పక్కన పెట్టాలి కదా. మళ్లీ వెళ్లి అడిగాను. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ కొంచెం జరిపి, కొన్ని సెకన్లే అన్నాడు. మళ్లీ పెట్టేసుకున్నాడు.

మేనేజర్‌కి చెప్పాను. కొత్త వెర్షన్‌ని పోయిన నెల నుంచి కొన్ని బిల్డింగుల్లో పైలట్‌గా, ప్రయోగానికి నడుపుతున్నారట, ఒక్క కంప్లయింట్ కూడా రాలేదట. రీరన్‌లో పాసైతే పాసే కదా అని నా వైపు జాలిగా చూశాడు.

అన్నం సయించలేదు.

జూన్ 13, శుక్రవారం

పాసైన వాటి జోలికి పోకుండా ఫెయిలైన వాటి లాగ్ ఫైళ్లు, అంటే క్షణక్షణం ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టాలు, మాత్రమే తీసి చదివాను. ఎవరూ వాటిని తెరిచిన పాపాన పోలేదు. అన్నిట్లోనూ ఒకటే వరస. లోపల తలుపు తెరిచే బటన్ నొక్కి ఉంది, సరిగ్గా అదే క్షణంలో పై అంతస్తు నుంచి లిఫ్ట్‌కి పిలుపొచ్చింది.

టెస్ట్ నడిపే మా స్క్రిప్ట్ ఒక బటన్ నొక్కి, వదిలి, తర్వాతే ఇంకోటి నొక్కుతుంది. మెషీన్ మీద లోడ్ పెరిగినప్పుడే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అది తడబాటని మేం అనుకున్నాం. నిజానికి మా టెస్ట్ మనుషుల్లా నొక్కేది అప్పుడొక్కసారే.

జూన్ 14, శనివారం

అత్తయ్యతో మందుల షాపుకి వెళ్లాను. వచ్చేటప్పుడు కింద లిఫ్ట్ ఎక్కాక ఆవిడ కదలనివ్వలేదు. గేటు దగ్గర నాలుగో అంతస్తు కోడలు కనిపించింది, నెలలు నిండిన మనిషి, మెల్లగా నడుస్తోంది. ఆ పిల్ల వచ్చేదాకా అత్తయ్య తలుపు బటన్ మీద వేలు తీయలేదు. అదీ చాలక ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి గడప మీదే నిలబడ్డారు. బటన్‌ని నమ్మను, నా కాలుని నమ్ముతాను అన్నారు. ఎవరొస్తున్నా ఆవిడ పద్ధతి ఇదేనట. ఈ బిల్డింగ్‌లో ఆవిడ పట్టుకోని తలుపు లేదు.

అంతలో పైనుంచి ఎవరో లిఫ్ట్‌ని పిలిచారు. బాణం గుర్తు వెలిగింది.

లాగ్ ఫైళ్లలో చదివింది ఇదే. లోపల ఒక వేలు, పైన ఇంకో వేలు. పోనీలే, మాది పాత లిఫ్ట్ అని గుండె చిక్కబట్టుకున్నాను.

జూన్ 15, ఆదివారం

ఈ రోజంతా మెట్లే. ఎందుకని ఈయన అడిగితే వ్యాయామం అన్నాను. నమ్మలేదు.

జూన్ 16, సోమవారం

ల్యాబ్‌లో అసలు కంట్రోలర్‌తో నడిచే చిన్న లిఫ్ట్ ఒకటుంది, బీరువా అంత. నిజం మోటరు, నిజం తలుపు. హెడ్‌ఫోన్స్‌ని బతిమాలి తీసుకెళ్లాను. గడప మీద ప్లాస్టిక్ కుర్చీ అడ్డంగా పెట్టి, తలుపు బటన్ నేను నొక్కి పట్టుకున్నాను. పై అంతస్తు బటన్ ఆయన నొక్కాలి. మొదట్లో ఏమీ కాలేదు. ఆయన వీడియో తీస్తూ ఆవలించాడు. నాక్కూడా, అనవసరంగా రాద్ధాంతం చేస్తున్నానేమో అనిపించింది.

తర్వాతసారి లిఫ్ట్ కదిలింది.

తలుపు బార్లా తెరిచే ఉంది. నా వేలు బటన్ మీదే ఉంది. లిఫ్ట్ చప్పుడు లేకుండా పైకి లేచింది. కుర్చీ కాళ్లు పటపటా విరిగాయి, సీటు రెండుగా చీలింది. నేను అరిచానో లేదో గుర్తులేదు. హెడ్‌ఫోన్స్ తన హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు. ఆయన చెవులు చూడటం అదే మొదటిసారి. పాలిపోయి ఉన్నాయి.

"ఇంకోసారి చేద్దాం," అన్నాడు. ఇంకో కుర్చీ కూడా పోయింది.

మేనేజర్‌కి ముక్కలు చూపించాం. ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, రెండు వేళ్లు ఒకే క్షణంలో పడటం అరుదు కదా అన్నాడు. తెలిసిన లోపం అని ఒక లైను రాసి సైన్ చేసెయ్, వచ్చే వెర్షన్‌లో సరిచేద్దాం అన్నాడు. రిలీజ్ ఆగితే ముందు నీ పేరే పైకి వెళ్తుంది అని కూడా అన్నాడు. మంచి మాటల్లోనే అన్నాడు.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం

ఆఫీసుకి వెళ్లలేదు. అక్షరాలు వంకర పోతున్నాయి. అయినా రాయాలి.

పొద్దున అత్తయ్య వాకింగ్‌కి దిగారు. కాసేపటికి నేను ఆఫీసుకని తాళం వేసి లిఫ్ట్ దగ్గర నిలబడ్డాను. లిఫ్ట్ కింద ఉంది. కదలట్లేదు. ఆవిడ తిరిగొచ్చే వేళే, లిఫ్ట్ దానంతటదే పైకొస్తుందని ఆగాను. ఎంతసేపటికీ కదలట్లేదు. అత్తయ్యే ఎవరి కోసమో తలుపు పట్టుకుని ఉంటారు అని నవ్వుకుంటూ బటన్ మీద వేలు పెట్టబోయాను.

అప్పుడు వినిపించింది, బుధవారం నేను ఊఁ కొట్టి వదిలేసిన మాట. తలుపు తెరుచుకున్నాక అదే కాస్త కదిలి, సర్దుకుని, నేలకి సమంగా.

పాత లిఫ్టులు సర్దుకోవు.

వేలు బటన్‌కి తగలలేదు. తగలలేదని ఇప్పటికి వందసార్లు చెప్పుకున్నాను. తగిలి ఉంటే పైనుంచి పిలిచిన ఆ వేలు నాదే. కింద గడప మీద కాలు ఆవిడది.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. వాకింగ్‌కి ఫోన్ తీసుకెళ్లరు. ఇంతలో ఇంకెవరైనా నొక్కితే? మెట్ల మీద పరుగెత్తాను. ప్రతి అంతస్తులోనూ లిఫ్ట్ నొక్కకండి, నొక్కకండి అని అరుస్తూ దిగాను. మూడో అంతస్తులో రిటైర్డ్ మాస్టారు బటన్ దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి మీద ఒక్కటి వేశాను. ఎందుకని చెప్పడానికి ఊపిరి లేదు.

కింద అత్తయ్య అచ్చం అలాగే ఉన్నారు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల, వేలు బటన్ మీద. నాలుగో అంతస్తు కోడలు గేటు దాటి వస్తోంది. నేను వెళ్లి అత్తయ్యని రెండు చేతులతో బయటికి లాగేశాను. ఆవిడ బోర్లా పడ్డారు. మోకాలు చిట్లింది. చేతికర్ర అంత దూరాన పడింది.

లిఫ్ట్ కదల్లేదు. బుద్ధిగా తలుపు మూసుకుని కూర్చుంది.

వాచ్‌మన్ గదిలోకెళ్లి లిఫ్ట్ మెయిన్ స్విచ్ ఆపేశాను. అప్పటికి అందరూ చేరారు. నాకు పిచ్చెక్కిందన్నట్టు చూశారు. అత్తయ్య నేల మీద కూర్చుని నా వైపు చూడకుండా ఒకే మాట అన్నారు. "నలుగురిలో నన్ను ఇలా పడెయ్యాలా అమ్మాయ్?"

సాయంత్రం

సర్వీస్ వాళ్లకి ఫోన్ చేశాను. అవును మేడమ్, మీ బిల్డింగ్‌లో పోయిన నెలే కొత్త వెర్షన్ వేశాం, బాగుందా అని అడిగారు.

అత్తయ్యని ఈయనా వాచ్‌మనూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకొచ్చారు. మోకాలు వాచింది. ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఈయన కూడా ముభావంగా ఉన్నారు. నెమ్మదిగా చెబితే అమ్మ దిగేది కదా అన్నారు. నిజమే. భయం నెమ్మదిగా చెప్పనివ్వలేదు. ఆవిడని పడేసింది నేనే, ఆ సంగతి గుర్తొస్తే ఏడుపొస్తోంది. కానీ మళ్లీ అదే జరిగితే మళ్లీ లాగుతాను.

రేపే సైన్ ఆఫ్.

జూన్ 18, బుధవారం

చెయ్యలేదు.

మీటింగ్‌లో చెయ్యను అని మాత్రం అనగలిగాను. మేనేజర్ ఏదో అనబోతుండగా హెడ్‌ఫోన్స్ లేచి, ఆ కోడ్ రాసింది నేనే అని చెప్పి, గోడ మీద వీడియో వేశాడు. కుర్చీ విరిగిన చప్పుడుకి గది మొత్తం ఉలిక్కిపడింది. తర్వాత ఎవరూ అరుదు అనలేదు. మధ్యాహ్నానికల్లా పైలట్ బిల్డింగుల్లో లిఫ్టులన్నీ ఆపించారు. మేనేజరే స్వయంగా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ప్రతిసారీ క్షమించమనే మొదలుపెట్టాడు. మనిషి మీద ఉన్న కోపం సగం పోయింది.

రీరన్ బటన్ తీసేశారు.

జూన్ 21, శనివారం

లిఫ్ట్ ఇంకా ఆగే ఉంది. బిల్డింగంతా నన్నే తిట్టుకుంటోంది. మాస్టారు మాత్రం మెట్ల మీద ఎదురైతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటున్నారు.

అత్తయ్యకి మోకాలికి కట్టు మారుస్తూ, చూస్తారా అని ఫోన్‌లో ఆ వీడియో పెట్టాను. చివరిదాకా చూశారు. మళ్లీ పెట్టమన్నారు.

"ఆ కుర్చీ ఎక్కడ పెట్టారే?"

"గడప మీద, అత్తయ్యా."

ఆవిడ తన కాలు వైపు చూసుకున్నారు. పమిట చెంగుతో నా మొహం తుడిచారు. ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు.

జూలై 4, శుక్రవారం

సరిచేసిన వెర్షన్ మీద డోర్ టెస్ట్ మొదటిసారే పాసయింది. ఇప్పుడు దానికి రెండు చేతులు, రెండు బటన్లూ ఒకేసారి నొక్కుతుంది. నమ్మబుద్ధి కాక ఆ టెస్ట్‌ని మళ్లీ మొదట్నుంచీ నడిపాను. పాస్. ల్యాబ్‌లో కుర్చీ పెట్టి చూశాం. కుర్చీ బతికింది. మధ్యాహ్నం మా లిఫ్ట్‌లో కూడా అదే వేశారు.

సాయంత్రం ఐదో అంతస్తులో ఉంటే వాచ్‌మన్ ఫోన్ నుంచి కాల్ వచ్చింది. అత్తయ్య. కింద గడప మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని నిలబడ్డారట. నువ్వు చూశావుగా, ఇంకేం భయం, నొక్కు అన్నారు.

మెట్లు దిగి వెళ్లాను.