కొయ్యని గొడ్డళ్ళు

యాంగోన్,
ఆదివారం

ప్రియమైన బాలామణి పిన్నికి,

ఫోను చేస్తే సగం మాటలోనే తెగిపోతోంది. ఇది సగంలో తెగాల్సిన సంగతి కాదు. అందుకే మీ ట్వంటే నుంచి నీ అచ్చుమట్టి బుట్ట తెచ్చిన బండివాడి చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మన కొలిమికి కొత్త పని వచ్చింది. గంటలు కాదు, దీపాలు కాదు, గొడ్డళ్ళు! చరిత్ర పాఠాలు చెప్పే సయామా డా ఖిన్ మే ప్రదర్శన కోసం అడిగారు. ఫ్రాన్సు పడమటి తీరంలో రెండువేల ఆరొందల ఏళ్ళ కిందట కంచుతో పోసినవట. సీసం దండిగా కలిపారు, పదును పెట్టలేదు. పిడి దూర్చే బోలులో పోతమట్టి కూడా చాలావాటికి తియ్యలేదు. అలాగే వేలకు వేలు భూమిలో పాతేశారు, కొన్నిచోట్ల గుండ్రంగా పేర్చి మరీ. ఎందుకని అడిగితే, "ఊహించేవాళ్ళే గానీ చూసినవాళ్ళు లేరు" అని నవ్వారావిడ. అచ్చం అలాంటివే కావాలట.

నాన్న మొహం చూడాలి! "కొయ్యని గొడ్డలేటే? లోపల మట్టి ఒగ్గీసి ఇత్తే ఈ అచ్చెన్నకి పని రాదనరా? నాను పొయ్యను, సయామాకి సెప్పీ" అన్నాడు. నేను పోస్తానన్నాను. అంతే, కొలిమి కంటే ఎక్కువగా మండిపోయాడు.

"ఆడపిల్ల కరిగిన కంచు మూస పట్టకూడదు, అమ్మోరు ఒప్పదు. సూరిగాడొచ్చి పోత్తాడు. ఆడు రాకపోతే కొలిమి మూసీడమే."

తమ్ముడు సూరి లైంగ్‌థార్యార్ పేట బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరై హాయిగా ఉన్నాడు. వాడు రాడని నాన్నకి తప్ప మా వీధి కుక్కలకి కూడా తెలుసు. పిన్నీ, అచ్చులన్నీ కట్టేది నేను. గంట చీలితే నాన్న నా అచ్చు తప్పంటాడు, మోగితే తన పోత గొప్పంటాడు. దసరాకి పనిముట్లన్నీ అమ్మవారి ముందు పెట్టి పసుపు రాస్తారు కదా, నావి ఒక్కటీ అందులో ఉండవు. ఏటా హారతి పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నిలబడి, తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడుస్తాను. ఈ మాట నీ ఒక్కదానికే చెబుతున్నాను.

ఇక ఏడవను. శుక్రవారం పోస్తున్నాను. ఇక్కడ వద్దంటే మీ ఊరొచ్చి, మీ కుండల ఆవం పక్కనే కొలిమి పెడతాను. నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేను ఆయన కూతుర్నే.

నీ
సత్యశ్రీ


యాంగోన్,
శనివారం

పిన్నీ,

మీ ఆవం అక్కర్లేకపోయింది!

నిన్న పొద్దున్నే కొలిమి రాజేశాను. నాన్న కిళ్ళీ నములుతూ వాకిట్లో అటు తిరిగి కూర్చున్నాడు. గొడ్డలి జానెడు కూడా లేదు కాబట్టి చిన్న మూస చాలింది, ఒక్కదాన్నే ఎత్తి పోశాను. చల్లారాక అచ్చు పగలగొట్టాను.

మన ఇంటి ఆనవాయితీ నీకు తెలుసుగా. కొత్త అచ్చులో మొదటిది అమ్మవారిది. దానికి ఆకురాయి తగలకూడదు, లోపలి మట్టి తియ్యకూడదు, ఎవరూ వాడకూడదు. గూట్లో తాతయ్య పోసిన మొదటి గంట పక్కన నా గొడ్డలి పెట్టి దండం పెట్టుకున్నాను.

నాన్న లోపలికొచ్చాడు. గొడ్డలి బోలులో మట్టి చూశాడు, తాతయ్య గంట నోట్లో మట్టి చూశాడు.

"ఓలమ్మా! ఆ ఫ్రాన్సోల్లు కూడా ఆల్ల అమ్మోరికే పోసుంటారే. ముందే సెప్పవేటి?" అన్నాడు. ఆ వెంటనే పట్టకారు కోసం చెయ్యి చాపాడు. "ఇలాగియ్యి, మిగిలినియ్యి నాను పోత్తాను."

నేను ఇవ్వలేదు. "నా సేతిది అమ్మోరికి అందీసింది నాన్నా. ఆయమ్మ ఒప్పలేదంటావా, నువ్వే ఎనక్కి తియ్యి" అన్నాను.

అమ్మవారికి పెట్టింది వెనక్కి తీసే మనిషా ఆయన! గూటి వైపు చూశాడు, నా వైపు చూశాడు, చివరికి కర్పూరం వెలిగించి కొలిమి దగ్గర బ్లోయర్ తిప్పుతూ కూర్చున్నాడు. సాయంత్రందాకా నేనే పోశాను. ఒక గొడ్డలి చీలింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, నా ముందు పడేసి, "పోత తప్పే ఇది" అని తిట్టాడు.

పిన్నీ, ఇంత కమ్మటి తిట్టు నేను పుట్టాక తినలేదు.

ఈసారి మట్టి బుట్ట మీద నాన్న పేరు రాయకు. కింద ఉన్నట్టు రాయి. ఆయనే చెప్పమన్నాడు.

సత్యశ్రీ మేస్త్రి